వినిపించే పరికరం, వినే గురువు

గత మాసం ఒక సాయంకాలం, అసర్ నమాజు ముగిసి పిల్లలు ఇంకా చాపలు పరుస్తుండగా, ఒక తండ్రి తన కుమార్తెను వెంటబెట్టుకొని మా మక్తబ్‌కు వచ్చారు. అమ్మాయికి ఎనిమిదేళ్లు. ఏడాదిగా మా వద్ద చదువుతున్నది. ఆయన సలాము చెప్పి, కొంత మొహమాటంతోనే విషయం బయటపెట్టారు.

"హజ్రత్, పాపను నెలాఖరు నుండి మాన్పిద్దామనుకుంటున్నాను. ఫోనులో ఒక యాప్ దొరికింది. అరబ్బు ఖారీ గారే చదివి వినిపిస్తారు. అక్షరం మీద వేలు పెడితే చాలు, పలుకుతుంది. బడి నుండి రాగానే ఇంట్లోనే కూర్చొని నేర్చుకుంటున్నది. చీకటి పడ్డాక వీధిలోకి పంపే బాధ కూడా ఉండదు."

ఆయన మాటల్లో నేను తప్పు పట్టదగినది ఏదీ లేదు. వీధి దీపాలు సరిగా వెలగని మాట నిజం. ఆ ఖారీ గొంతు నా గొంతుకన్నా ఎన్నో రెట్లు శ్రావ్యమైనదన్న మాట కూడా నిజం. పాపను దగ్గర కూర్చోబెట్టుకొని, "బేటీ, ఫోనులో ఏ సూరా నేర్చుకున్నావు?" అని అడిగాను. కౌసర్ అన్నది. మక్తబులో పిల్లలు చివరి సూరాల నుండి వెనక్కు చదువుతూ వస్తారని పాఠకులకు తెలుసు. మా వద్ద ఆమె పాఠం కాఫిరూన్ వరకు వచ్చింది. దాని ముందరిది, మూడే ఆయతులున్న కౌసర్‌ను ఫోను దగ్గర తానే నేర్చుకున్నది.

చదివింది. రాగం అచ్చంగా ఆ ఖారీదే. ఆయన ఊపిరి తీసుకున్న చోటనే తానూ తీసుకున్నది. తండ్రి ముఖం వెలిగిపోయింది. కాని రెండవ ఆయతు చివరి పదంలో గొంతు నడుమ నుండి రావలసిన బడీ హే, ఛోటీ హేగా మారిపోయింది. బడీ హేతో ఆ పదానికి 'బలి ఇవ్వు' అని అర్థం. ఛోటీ హేతో 'కసరి తరిమివేయి' అవుతుంది. ఎనిమిదేళ్ల బిడ్డకు ఆ భేదం తెలియదు, ఆమెపై ఏ దోషమూ లేదు. తండ్రికి మాత్రం ఆ రెండూ ఒకే విధంగా వినిపించాయి.

"భాయ్, పాప ఇన్నాళ్లూ దీన్ని చదువుతుంటే ఎవరు విన్నారు?" అన్నాను.

"ఫోను ఉన్నది కదా హజ్రత్" అన్నారాయన.

ఫోను వినిపించింది, వినలేదు. ఆ మాట అప్పుడే ఆయనతో అనలేకపోయాను. పాప ముందు అనడం బాగుండదనిపించింది. అందుకే ఈ నెల ఈ పుటలో వ్రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేయాలి. మద్రసా మౌల్వీ యంత్రాలకు శత్రువు అనే అభిప్రాయం కొందరిలో ఉన్నది. ఖుర్ఆన్ పారాయణానికి యంత్రం కొత్తది కాదు. ఈజిప్టుకు చెందిన షేఖ్ మహ్మూద్ ఖలీల్ అల్ హుసరీ 1961లోనే సంపూర్ణ ఖుర్ఆన్‌ను తర్తీల్ శైలిలో రికార్డు చేశారు. నా విద్యార్థి దశ నాటికి ఆయన క్యాసెట్లు మన పట్టణాల్లోనూ దొరికేవి. మా ఉస్తాద్ గదిలో ఒక టేప్ రికార్డర్ ఉండేది. ఫజర్ తరువాత దాన్ని పెట్టి మా చేత వినిపించేవారు. ఆ తరువాత దాన్ని ఆపి, గుడ్డ కప్పి, ఒక్కొక్కరినీ పిలిచి తాను వినేవారు. వినిపించడానికి పావుగంట, వినడానికి రెండు గంటలు. ఆ గుడ్డ కప్పడం మాకు అప్పట్లో యంత్రం మీద దుమ్ము పడకుండా చేసే ఏర్పాటుగానే తోచేది.

ఆ క్రమాన్ని నేనే తలక్రిందులు చేసిన కాలం ఒకటున్నది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు అన్ని బడులతోపాటు మా మక్తబూ మూతపడింది. కొన్ని వారాల తరువాత వీడియో పాఠాలు మొదలుపెట్టాం. అందరూ కలిసి చదివితే ఒకరి గొంతు మీద ఒకరి గొంతు పడి ఏదీ వినిపించదు. మక్తబు ప్రాణమే సామూహిక పఠనం, తెరమీద అది అసాధ్యమైపోయింది. మైకులు ఆపుకోమన్నాను. చిన్న చిన్న గడుల్లో పెదవులు కదులుతుంటే చూస్తూ ఆ నెలలు గడిపాను. వంతులవారీగా ఒక్కొక్కరిని చదివించినా, నెట్‌వర్క్ బాగా లేక అక్షరాలు తెగిపోయేవి. తెగిపోయిన అక్షరాన్ని పిల్లవాడు సరిగానే పలికి ఉంటాడని నేనే భావించుకొని "మాషాఅల్లాహ్, ముందుకు వెళ్లు" అనేవాడిని.

మక్తబ్ తిరిగి తెరిచాక ఒక బాలుడు నా ఎదుట కూర్చొని చదివాడు. స్వాద్ అన్నచోటల్లా సీన్. ఆ నెలలన్నింటిలో నేర్చుకున్న సూరాలన్నీ అలాగే పాతుకుపోయాయి. కొత్తగా నేర్పడానికి పట్టిన కాలం కంటే దిద్దడానికి ఎక్కువ కాలం పట్టింది. ఒకనాడు ఆ బాలుడు కన్నీళ్లు పెట్టుకొని, "మీరే కదా హజ్రత్, బాగుందన్నారు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. "ఔను బేటా, నేనే అన్నాను" అని మాత్రం చెప్పాను.

ఇలా ఎందుకు జరిగిందో తరువాత ఒక ఇంజనీరు మిత్రుడు వివరించాడు. స, శ, ఫ వంటి ఊదే ధ్వనుల బలమంతా ఎక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది. పాతకాలపు టెలిఫోను లైను సుమారు 300 నుండి 3400 హెర్ట్‌జ్‌ల నడుమ ఉన్న ధ్వనిని మాత్రమే మోసేది. స, ఫ ధ్వనుల గుర్తింపు చాలావరకు ఆ హద్దుకు పైనే ఉన్నది. ఫోనులో ఇంగ్లీషు స్పెల్లింగు చెప్పేటప్పుడు ఎస్, ఎఫ్ తారుమారు కావడానికి కారణం ఇదే. నేటి యాప్‌లు ఇంతకన్నా విశాలంగానే ధ్వనిని పంపగలవు. కాని సిగ్నల్ బలహీనపడితే ముందుగా అరిగేది ఆ పై అంచే. వెనుక చప్పుడును తొలగించే ఏర్పాటు మరొకటి ఉంటుంది. అది ఫ్యాను హోరునూ, పిల్లవాడి గొంతులోని సన్నని ఊపిరినీ ప్రతిసారీ వేరు చేసి చూడలేదు. సే, సీన్, స్వాద్‌ల భేదం అంతా ఆ సన్నని అంచులోనే ఉన్నప్పుడు, నేను విన్నాననుకున్నదానిలో కొంత నా ఊహే.

తెలుగు ఇండ్లలో దీనికి మరొక చిక్కు తోడవుతుంది. మనలో ఎన్నో కుటుంబాలకు, ముఖ్యంగా నూర్‌బాషా సోదరుల ఇండ్లలో, మాతృభాష తెలుగే. పెద్దలకు అరబీ లిపి రాకపోవడం వల్ల తెలుగు అక్షరాల్లో వ్రాసిన సూరాలను ఆశ్రయిస్తారు. ఇప్పుడు అవి వాట్సాప్‌లో బొమ్మలుగా, వీడియోల్లో అడుగున నడిచే పంక్తులుగా వస్తున్నాయి. ఉద్దేశం మంచిదే. కాని జాల్, జే, జ్వాద్, జోయ్ నాలుగింటికీ మన దగ్గర ఉన్నది ఒకే జ. పాత తెలుగు పుస్తకాల్లో తలపై గుర్తు పెట్టిన దంత్య ౙ ఒకటి ఉండేది. అదీ ఈ నాలుగింటిలో దేనికీ సరిపోదు. తే, తోయ్‌లకు ఒకే త. బడీ హే, ఛోటీ హేలకు ఒకే హ. ఖాఫ్‌ను ఖ అనీ, కాఫ్‌ను క అనీ వ్రాసుకొని ఎలాగో సర్దుకుంటున్నాం. ఆ ఒత్తును ఎవరైనా వదిలేస్తే హృదయమని అర్థమిచ్చే 'ఖల్బ్' కుక్క అని అర్థమిచ్చే 'కల్బ్' అవుతుంది. మా మక్తబ్‌కు వచ్చిన ఆ పాపకు జరిగింది కూడా ఇదే అయి ఉంటుంది. చెవి ఖారీ గొంతును విన్నది, కన్ను కింద తెలుగులో ఉన్న హ ను చూసింది. రెండింటిలో కన్ను చెప్పినదే నాలుక విన్నది.

అలాగని ఆ ఫోనులో మేలైన భాగం లేకపోలేదు. అది ఖారీ గొంతులో ఉన్నదని అందరూ అనుకుంటారు. నా అనుభవంలో అంతకన్నా విలువైనది, అందరి ఫోనుల్లో ఉండి ఎవరూ వాడనిది, గొంతును రికార్డు చేసే మీట. మా వద్ద ఒక విద్యార్థి ఉన్నాడు. నలుగురిలో నోరు విప్పడు. వంతు వచ్చేసరికి చెమట పడుతుంది. వాడిని ఇంటి దగ్గర తన పారాయణాన్ని రికార్డు చేసి తెమ్మన్నాను. తెచ్చాడు. మేమిద్దరమే గదిలో కూర్చొని విన్నాం. సగం వినేలోపే తన తప్పులు మూడు తానే చెప్పాడు. తన గొంతును బయటినుండి వినడం మనిషికి అరుదుగా దొరికే అవకాశం. మా తరానికి అది దొరకలేదు. మా తప్పు మాకు తెలియాలంటే ఉస్తాద్ కనుబొమలు చూడవలసి వచ్చేది.

చెవి సంగతి ఇంతవరకు చెప్పాను. కంటి సంగతి కూడా ఒకటి చెప్పుకోవాలి. అది నా రెండవ పొరపాటు.

పాత దర్సె నిజామీ పాఠ్యక్రమంలో ఖగోళానికి కూడా చోటుండేది. 1621లో మరణించిన బహావుద్దీన్ ఆమిలీ వ్రాసిన 'తష్రీహుల్ అఫ్లాక్' అనే చిన్న గ్రంథాన్ని చదివించేవారు. భూమిని నడుమ ఉంచి చుట్టూ గోళాలను పేర్చిన పాత పద్ధతి అది. మా ఉస్తాద్ నల్లబల్ల మీద వలయం లోపల వలయం గీస్తుంటే మాకు ఉల్లిపాయ గుర్తుకు వచ్చేది తప్ప చంద్రుడు గుర్తుకు రాలేదు. కనుక మా మద్రసాకు ఒక దాత పాత కంప్యూటరును, ప్రొజెక్టరును ఇచ్చినప్పుడు నేను మొదట చేసిన పని స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను అందులో వేయించడం. మన ఊరి స్థానం, తేదీ, సమయం ఇస్తే ఆ వేళ మన ఆకాశం ఎలా ఉంటుందో తెరమీద చూపుతుంది.

ఆ ఏడాది షాబాన్ 29వ తేదీ మధ్యాహ్నం పై తరగతి విద్యార్థులను కూర్చోబెట్టి గోడ మీద ఆకాశాన్ని తెరిచాను. సూర్యాస్తమయానికి గడియారాన్ని జరిపాను. పడమటి దిక్కున, నేలకు కాస్త పైన, చంద్రుడు. పక్కనే పేరు. ఒక రోజు ముందుకు జరిపాను, చంద్రుడు పైకి లేచాడు. మరొక రోజు, ఇంకా పైకి. చాంద్రమాసం సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలని, అందుకే ఒక నెల 29, మరొక నెల 30 అవుతున్నదని పది నిమిషాల్లో అర్థమైంది. ఉల్లిపాయతో మా ఉస్తాద్ పడిన పాట్లు తలచుకొని నాకు నేనే గర్వపడ్డాను.

సాయంత్రం అందరం మేడ ఎక్కాం. మగ్రిబ్ అజాన్ అయింది. పదమూడేళ్ల బాలుడొకడు నీళ్ల ట్యాంకు పక్కకు వేలు చూపి, "అదిగో హజ్రత్, నెలవంక!" అన్నాడు. ఆ వెంటనే మరి ఇద్దరు, "ఔను, మాకూ కనిపించింది" అన్నారు. నా కళ్లద్దాలు తుడుచుకొని చూశాను. ఏమీ లేదు. ఆ సాయంత్రం చంద్రుడు సూర్యునికి 5 డిగ్రీల దూరంలోనే ఉన్నాడని మధ్యాహ్నం తెరమీద నేనే చదివాను. సుమారు 7 డిగ్రీలకు లోపల ఉన్నప్పుడు నెలవంక అసలు కంటికి ఆనదని ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త ఆంద్రె దాంజోన్ గత శతాబ్దంలోనే చెప్పారు. "బేటా, నిజంగా చూశావా?" అన్నాను. వాడు తడుముకోకుండా, "తెరమీద ఉన్న చోటనే ఉంది హజ్రత్" అన్నాడు.

ఆ బాలుడు అబద్ధమాడేవాడు కాడు. అదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. నెలవంకను చూశానన్నది మన దగ్గర సాధారణమైన మాట కాదు, అది సాక్ష్యం. దాని మీద ఉపవాసాలు మొదలవుతాయి, పండుగలు నిలుస్తాయి. కంటితో చూడని దానిని చూశానని నమ్మే స్థితికి ఒక నిజాయితీగల బిడ్డను తెచ్చినది ఎవరు? మధ్యాహ్నం గోడ మీద చంద్రుణ్ణి పేరు వ్రాసి మరీ చూపించినవాడిని నేనే. ఆకాశంలో చంద్రుని పక్కన పేరు వ్రాసి ఉండదు.

అప్పటి నుండి ఆ పాఠం క్రమం మార్చాను. నెలవంక కనిపించిన సాయంత్రం నుండి రెండు వారాలు, విద్యార్థులు మేడ మీద ఒకే చోట నిలబడి, ఒక కాగితం మీద చింతచెట్టు, ట్యాంకు, మసీదు మీనారు గీసుకొని, మగ్రిబ్ కాగానే చంద్రుడున్న చోట చుక్క పెట్టాలి. ముందుకు చాచిన చేతి పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. ఆ కొలతతో నిన్నటి చుక్కకూ ఇవాళ్టి చుక్కకూ ఎంత దూరమో వ్రాయాలి. పిడికిలి, దానిపై కొంచెం అని వస్తుంది. చంద్రుడు రోజుకు 12, 13 డిగ్రీలు తూర్పుకు జరుగుతాడన్న సంగతిని వాళ్ల చేతులే చెబుతాయి. మబ్బు పట్టిన రోజున 'మబ్బు' అని వ్రాయాలి, చుక్క పెట్టకూడదు. ఈ ఒక్క నియమం విషయంలో మాత్రం నేను కఠినంగా ఉంటాను. అంతా అయ్యాక కంప్యూటరు తెరుస్తాం. ఒకసారి ఒక విద్యార్థి చుక్కల్లో రెండు తెరతో కలవలేదు. గంటసేపు గడియారాన్ని ముందుకూ వెనక్కూ జరిపి చూసుకొని, ఆ రెండు రోజులూ తాను ఇషా తరువాత ఆలస్యంగా మేడ ఎక్కిన సంగతిని తానే ఒప్పుకున్నాడు. ఆ యంత్రం మా మద్రసాలో చేసిన అన్ని పనుల్లో నాకు అది ఎక్కువ నచ్చింది.

ఉన్నత తరగతుల్లో వచ్చే సమస్య వేరు. వేలాది అరబీ గ్రంథాలు గల 'అల్ మక్తబతుష్షామిలా' అనే డిజిటల్ గ్రంథాలయం ఉచితంగా దొరుకుతున్నది. నేను ఒక వాక్యం కోసం మూడు రోజులు సంపుటాలు తిరగేసిన సందర్భాలున్నాయి. నేటి విద్యార్థికి మూడు క్షణాలు చాలు. ఈ సౌలభ్యాన్ని కాదనేవాడు మూర్ఖుడు. అయితే మన పూర్వ గ్రంథకర్తలు ఎదుటివారి వాదాన్ని ముందుగా పూర్తిగా వినిపించి, ఆ తరువాత ఖండించే పద్ధతి పాటించారు. 'ఫఇన్ ఖీల', అంటే 'ఎవరైనా ఇలా అంటే' అని మొదలుపెట్టి, ఒక్కోసారి పుట దాటాక 'ఖుల్నా', 'మా సమాధానమిది' అంటారు. మొన్న ఒక విద్యార్థి ఎంతో ఉత్సాహంగా ఒక ఇమాము గారి అభిప్రాయం తెచ్చాడు. పుట పైకి జరిపి చూడమన్నాను. అది ఆ ఇమాము గారు ఖండించిన అభిప్రాయం. వెతుకులాట మాటను తెచ్చి ఇస్తుంది, ఆ మాట ఎవరిదో పుస్తకం చదివినవాడికే తెలుస్తుంది.

ఇక ఇండ్ల సంగతి. ఆన్‌లైన్ పాఠాల నెలల్లో నాకు బోధపడిన చేదు నిజం ఒకటున్నది. మా పిల్లల ఇండ్లలో చాలావాటిలో ఫోను ఒక్కటే. అది ఉదయమే తండ్రితోపాటు పనికి వెళ్లిపోతుంది. రాత్రి తిరిగి వచ్చాక ముందు అన్నయ్య చేతికి, అతనికి నిద్ర వస్తే చెల్లెలి చేతికి. మక్తబులో చాప మీద ముందు వరుసలో కూర్చునే ఆడపిల్లలు ఆ నెలల్లో తెర మీద కనిపించనేలేదు. ఇంట్లో ఫోను ఉన్నదని చెప్పే తల్లిదండ్రులు, అది ఏ గంటలో ఎవరి చేతిలో ఉంటుందో కూడా ఒకసారి లెక్క చూడవలసి ఉన్నది. చాపకు ఛార్జింగ్ అవసరం లేదు, నలుగురికీ సరిపోతుంది.

మొదట చెప్పిన ఆ తండ్రితో నేను వాదించలేదు. నెలాఖరు వరకు ఆగమని మాత్రం కోరాను. పాపను చీకటి పడకముందే పంపించే విధంగా ఆమె వంతును ముందుకు మార్చాను. ఇంటి దగ్గర కౌసర్‌ను చదివి, అదే ఫోనులో రికార్డు చేసి తెమ్మన్నాను.

శనివారం తల్లి ఫోనును దుపట్టా అంచులో చుట్టి తెచ్చింది. రెహాల్ పక్కన పెట్టి ఇద్దరం విన్నాం. రెండవ ఆయతు రాగానే పాప వేలుతో ఆపేసింది. "హజ్రత్, ఇక్కడ ఛోటీ హే అయిపోయింది" అన్నది. మళ్లీ పలికింది, ఈసారి గొంతు మరీ బిగిసి ఖేలా వచ్చింది. నవ్వుకున్నాం. మూడవసారికి సగం కుదిరింది. తండ్రి గుమ్మం దగ్గర చెప్పులు విడవకుండానే నిలబడి వింటున్నారు. నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి.